విమానమా, కారా: నడిమి దూరాల లెక్క

వంద కిలోమీటర్ల ప్రయాణానికి విమానం గురించి ఎవరూ ఆలోచించరు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి కారులో పోదామని, దారంతా చూడాలనే సరదా ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ అనుకోరు. ఇంట్లో తర్జనభర్జన జరిగేదంతా ఈ రెంటి నడుమ, రెండు వందల యాభై నుంచి ఏడు వందల కిలోమీటర్ల దూరాల విషయంలోనే. హైదరాబాద్ సరిగ్గా ఇలాంటి దూరాల మధ్యలో ఉంది. విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు, తిరుపతి 560, బెంగళూరు 570, విశాఖపట్నం 620. ఈ నాలుగు ఊళ్ళకూ పొద్దున కారెక్కి రాత్రిలోపు చేరవచ్చు. నాలుగు చోట్లకూ విమానాలూ ఉన్నాయి.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ దారుల్లో తిరిగే జనంలో ఎక్కువమంది బస్సులనూ రైళ్ళనూ నమ్ముకున్నవాళ్ళే. 2023లో సికింద్రాబాద్ నుంచి విశాఖకూ తిరుపతికీ, కాచిగూడ నుంచి బెంగళూరు యశ్వంత్‌పూర్‌కూ వందేభారత్ రైళ్ళు వచ్చాక పగటిపూట ఎనిమిదిన్నర గంటల్లో గమ్యం చేరే మూడో దారి కూడా ఏర్పడింది. విమానమా కారా అన్నది కారు తాళమూ టికెట్ డబ్బూ రెండూ ఉన్నవాళ్ళ ప్రశ్న. అయినా దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. విమానాశ్రయాలకూ జాతీయ రహదారులకూ పోసే ప్రజాధనం చాలావరకు వీళ్ళ నిర్ణయాల అంచనా మీదే నడుస్తుంది. పైగా వీళ్ళు కారు తీస్తే ఆ దారిలో ఉన్న ద్విచక్రవాహనదారుకూ, రోడ్డు దాటే మనిషికీ కూడా ఆ నిర్ణయంతో సంబంధం ఉంటుంది.

ప్రయాణ సాధనాన్ని మనుషులు ఎలా ఎంచుకుంటారన్న ప్రశ్నకు శాస్త్రరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు అమెరికా ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్. 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ రైలు రాబోతున్నప్పుడు, ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళలో నూటికి 15 మంది దాన్ని ఎక్కుతారని అధికారులు అంచనా వేశారు. మెక్‌ఫాడెన్ బృందం 6.3 శాతం అంది. రైలు నడిచాక తేలింది 6.2 శాతం. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ తరహా పరిశోధనల నుంచి తేలిన విషయాల్లో మన చర్చకు అన్నిటికన్నా పనికొచ్చేది ఒకటుంది. ప్రయాణికుడికి అన్ని నిమిషాలూ ఒకటి కావు. కూర్చుని ముందుకు సాగుతున్న నిమిషం కన్నా, నిలబడి ఎదురుచూసే నిమిషం, సామాను మోసుకుంటూ నడిచే నిమిషం ఎక్కువ బరువు తూగుతాయి. అమెరికా రవాణా శాఖ తన ప్రాజెక్టుల లెక్కల్లో ఇలాంటి నిమిషాల విలువను రెట్టింపుగా వేసుకోమంటుంది.

ఈ లెక్కతో విజయవాడ ప్రయాణం చూద్దాం. మియాపూర్‌లో ఉండే మనిషి బెంజ్ సర్కిల్ చేరాలి. శంషాబాద్ విమానాశ్రయానికి క్యాబ్‌లో గంట. విమానం కదలడానికి గంట ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తారు కాబట్టి ఎంత ధైర్యవంతుడైనా గంటా నలభై ఐదు నిమిషాల ముందు అక్కడ ఉండాలి. విమానంలో అంతా కలిపి గంట. గన్నవరంలో దిగి సామాను అందుకుని బయటపడడానికి అరగంట. అక్కడి నుంచి ఊళ్ళోకి ఇరవై కిలోమీటర్లు, ముప్పావు గంట. మొత్తం ఐదు గంటలు. అదే మనిషి కారు తీసి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా పెద్దఅంబర్‌పేటలో దిగి, సూర్యాపేటలో టిఫినుకు ఆగినా ఐదున్నర, ఆరు గంటల్లో చేరతాడు. గడియారంలో తేడా గంటలోపే. కానీ విమానపు ఐదు గంటలు ఐదు ముక్కలు. ప్రతి ముక్క దగ్గరా లేవాలి, నిలబడాలి, బ్యాగు తీయాలి, కాగితం చూపాలి. కారులో నిద్రపోయిన పిల్లవాడు గొల్లపూడి దాకా లేవడు. చలికాలం పొద్దుట గన్నవరంలో పొగమంచు దట్టంగా పడితే విమానపు లెక్క పూర్తిగా తప్పుతుంది. అందుకే విజయవాడ విమానాల్లో ఎక్కువగా కనిపించేది ఒంటరిగా పనిమీద వెళ్ళేవాళ్ళూ, విదేశాల నుంచి శంషాబాద్‌లో దిగి మరో విమానం పట్టుకునేవాళ్ళూ. ఆ రెండో రకానికి విమానాశ్రయం దాకా వెళ్ళే శ్రమ లేదు, అప్పటికే అక్కడున్నారు.

ప్రయాణం మధ్యభాగంలో విమానాన్ని ఏదీ అందుకోలేదు. నిర్ణయం తేలేది రెండు కొసల దగ్గర. 2008 మార్చి దాకా హైదరాబాద్ విమానాశ్రయం ఊరి నడిబొడ్డున బేగంపేటలో ఉండేది. శంషాబాద్‌కు మారాక ఒక కొస బాగా పొడుగైంది. మరుసటి ఏడాది 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, ఆ తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ ఆ దూరాన్ని కొంత మింగాయి. కానీ ఔటర్ విమానాశ్రయానికి ఎంత సాయపడిందో కారుకూ అంతే సాయపడింది. గచ్చిబౌలిలో ఎక్కిన కారు ఊళ్ళో ఒక్క సిగ్నల్ కూడా చూడకుండా విజయవాడ రహదారినో బెంగళూరు రహదారినో పట్టుకుంటుంది.

బెంగళూరు కొస ఇంకా చిత్రమైనది. అక్కడి కెంపెగౌడ విమానాశ్రయం నగరానికి ఉత్తరాన దేవనహళ్ళిలో ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి కూడా అటువైపు నుంచే నగరంలోకి దిగుతుంది. విమానంలో వచ్చినవాడూ, తెల్లారకముందే బయల్దేరి కారులో వచ్చినవాడూ హెబ్బాళ దగ్గర ఒకే ట్రాఫిక్‌లో పడతారు. ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్ళాల్సినవాళ్ళకు అక్కడి నుంచి ఇద్దరిదీ ఒకే కష్టం. అయినా ముందు భాగంలో విమానం మిగిల్చే నాలుగైదు గంటలు పెద్దవి కాబట్టి ఒంటరి ప్రయాణికుడు బెంగళూరుకు విమానమే ఎక్కుతాడు.

విశాఖ విషయంలో ఇన్నాళ్ళూ విమానానిదే స్పష్టమైన పైచేయి. రోడ్డు మీద పదకొండు, పన్నెండు గంటలు. విమానాశ్రయమేమో ఊళ్ళోనే, నౌకాదళ స్థావరం ఆనుకుని. భోగాపురం కొత్త విమానాశ్రయం ఊరికి నలభై అయిదు కిలోమీటర్ల దూరం. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకు అది వరం. గాజువాక వాళ్ళు మాత్రం నగరమంతా దాటి పోవాలి. ఒకే విమానాశ్రయం ఒక జిల్లాకు కొసను కుదించి, మరో చోట కొసను సాగదీస్తుంది. ‘విశాఖ ప్రయాణికులు’ అని అందర్నీ ఒక గంపలో పెట్టి వేసే అంచనాలు అందుకే తప్పుతాయి.

ఇక డబ్బు. విమానం తలకింత అడుగుతుంది, కారు బండికింత అడుగుతుంది. ఒక్క తేడా, కానీ సగం వివాదం ఇక్కడే తేలిపోతుంది. బెంగళూరుకు లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే కారు 38 లీటర్లు తాగుతుంది, నాలుగు వేల రూపాయల పైచిలుకు. టోలు, దారి తిండి కలుపుకుంటే ఆరు వేలనుకుందాం. ఒక్కడే వెళ్ళేటట్లయితే, ముందుగా కొన్న టికెట్టుతో ఇది దాదాపు సరిసమానం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలైతే కారు ఖర్చులో తిండి తప్ప ఒక్క రూపాయి పెరగదు, విమానం ఖర్చు నాలుగింతలవుతుంది, రెండు కొసలా క్యాబ్‌లు అదనం. అందుకే ఒకే మనిషి కంపెనీ పనికి విమానంలో వెళ్ళి, అదే ఊరికి పెళ్ళికి కారులో వెళ్తాడు. అందులో తప్పేమీ లేదు, లెక్క మారింది.

కానీ కారు ఖర్చును మనం సరిగా లెక్కపెట్టం. పెట్రోలు కళ్ళముందు కనిపిస్తుంది. టైర్ల అరుగుదల, సర్వీసింగు, బీమా, ఏటికేడాది పడిపోయే బండి ధర కనిపించవు. జర్మనీలో కార్ల యజమానుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2020లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ఇంధనం ఖర్చును వాళ్ళు బాగానే అంచనా వేశారు. కారుకు నెలకయ్యే మొత్తం ఖర్చును మాత్రం సుమారు సగానికి సగం తక్కువ చేసి చెప్పారు. మన ఇళ్ళలోనూ ఇంతే. ‘కారు ఎలాగూ ఉంది కదా’ అన్న ఒక్క మాట ముందు ఎన్ని టికెట్లయినా ఖరీదుగా కనిపిస్తాయి. పైగా 2025 ఆగస్టు 15 నుంచి మూడు వేల రూపాయలకు 200 టోల్‌గేట్లు దాటే ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. సొంత కారుకు జాతీయ రహదారి టోల్‌గేటు దాటడం పదిహేను రూపాయల పనైంది. ముందే కట్టేసిన డబ్బు కాబట్టి ప్రయాణం రోజున అదీ లెక్కలోకి రాదు.

విమాన ధర స్వభావం దీనికి సరిగ్గా వ్యతిరేకం. పెట్రోలు ధర సంక్రాంతికీ ఆషాఢానికీ ఒకటే. టికెట్టు ధర అలా ఉండదు, నలుగురికీ అవసరమైన రోజునే ఆకాశానికెక్కుతుంది. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి, మిగిలిన సీట్ల ధరలు ఎగిరిపోయినప్పుడు కేంద్రం గరిష్ఠ పరిమితులు పెట్టాల్సి వచ్చింది. 500 కిలోమీటర్లలోపు 7,500 రూపాయలు, వెయ్యిలోపు 12,000. అంటే గాలి దారిలో 500 కిలోమీటర్లలోపే ఉన్న బెంగళూరుకు హైదరాబాద్ నుంచి ‘అదుపు చేసిన’ ధరే నలుగురున్న కుటుంబానికి చిన్న జీతగాడి రెండు నెలల సంపాదన. పేదలకు విమానం అందించాలన్న ఉడాన్ పథకం 2017 ఏప్రిల్ 27న మొదలైనప్పుడు తొలిరోజు ఎగిరిన విమానాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి నిజంగా మంచి ఆలోచన. అయితే నా దృష్టిలో చిన్న ఊళ్ళ విమానాల అసలు లోపం ధర కాదు, సంఖ్య. రోజుకు ఒక్కటే విమానం ఉన్నచోట పని కాస్త ఆలస్యమైతే రాత్రి అక్కడే ఉండిపోవాలి. కారు మనం రమ్మన్నప్పుడు వస్తుంది. ఈ సౌలభ్యానికి టికెట్టు మీద ధర రాసి ఉండదు, కానీ కర్నూలు విమానాశ్రయమున్న ఓర్వకల్లులో దిగే ప్రతివాడూ దాన్ని లెక్కేసుకునే వెళ్తాడు.

ఈ సంఖ్య విషయం అర్థం చేసుకున్న చోట విమానం కారును గెలిచిన ఉదాహరణా ఉంది. టెక్సాస్‌లో డాలస్, హ్యూస్టన్ నగరాల మధ్య దూరం 240 మైళ్ళు, మన విజయవాడ దారికన్నా వంద కిలోమీటర్లు ఎక్కువ. ఫ్రీవే మీద నాలుగు గంటల్లోపే. ఇవాళ రెండు నగరాల్లోనూ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 1971 జూన్‌లో ఎగరడం మొదలుపెట్టిన దారుల్లో ఇదొకటి. తమకు పోటీ ఇతర విమాన సంస్థలు కాదు, హైవే మీద పోయే కారు అన్న ఆలోచనతో వాళ్ళు ధర తగ్గించారు, రోజుకు ఎక్కువసార్లు నడిపారు, దిగిన విమానాన్ని పది నిమిషాల్లో మళ్ళీ ఎగరేశారు. ఊరికి దగ్గరగా ఉన్న పాత విమానాశ్రయం లవ్‌ఫీల్డ్‌ను వదలకుండా కోర్టుల్లో పోరాడారు. రెండు కొసలూ పొట్టిగా ఉంచుకోవడమే వాళ్ళ బలం. 2001 సెప్టెంబరు 11 తర్వాత తనిఖీలు పెరిగి ఆ బలం తగ్గింది. కార్నెల్ పరిశోధకులు బ్లేలాక్, కడియాలి, సైమన్ లెక్కగట్టిన ప్రకారం, బ్యాగుల తనిఖీ కట్టుదిట్టం చేయడం ఒక్కదానివల్లే అమెరికాలో విమాన ప్రయాణికులు సుమారు ఆరు శాతం తగ్గారు. వీళ్ళు తగ్గింది భయం వల్ల కాదు, క్యూ వల్ల.

మన కుటుంబ ప్రయాణానికి ఈ లెక్కలు సగమే వర్తిస్తాయి. ఎందుకంటే మన ప్రయాణం ఊరి విమానాశ్రయంతో ఆగదు. విజయవాడ అన్నా అది నూజివీడో, అవనిగడ్డో, గుడివాడ పక్కన ఇంకో పల్లెటూరో అవుతుంది. అక్కడికి వెళ్ళాక పెద్దమ్మగారింటికి, గుడికి, పొలానికి తిరగాలి. కారు లేకపోతే బావగారి బండి అడగాలి. వెళ్ళేటప్పుడు పిల్లల బట్టలే, తిరిగొచ్చేటప్పుడు బియ్యం మూట, ఆవకాయ జాడీ, అరిసెల డబ్బా, పెరట్లో దింపిన కొబ్బరికాయలు. విమానంలో చాలా సంస్థలు ఇచ్చేది లగేజీకి పదిహేను కిలోలు, చేతిసంచికి ఏడు. బరువు సంగతి అలా ఉంచినా, ఎండుకొబ్బరి నిప్పంటుకునే గుణమున్న వస్తువుల జాబితాలో ఉంది, లగేజీలో వేయనివ్వరు. కొబ్బరికాయ చేతిసంచిలో పనికిరాదు. 2024 అక్టోబరులో శబరిమల యాత్రికులకు ఇరుముడిలోని కొబ్బరికాయను క్యాబిన్‌లోకి అనుమతించడానికి పౌరవిమానయాన భద్రతా విభాగం ప్రత్యేకంగా ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. డిక్కీకి ఇలాంటి నిబంధనలు లేవు. అమ్మ ఇచ్చింది వద్దనకుండా తెచ్చుకోగలగడం కూడా కారుకు అనుకూలమైన అంశమే, ఏ ఆర్థిక నమూనాలోనూ లేకపోయినా.

వయసు కూడా ఇటూ అటూ లాగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కారులో ఎనిమిది గంటలు కూర్చోవడం కష్టం, విమానాశ్రయంలో కిలోమీటరు నడక మరో కష్టం. వీల్‌చెయిర్ అడిగితే ఇస్తారని తెలిశాక చాలామంది ఇళ్ళలో అమ్మమ్మలు విమానం వైపు తిరిగారు. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్ల విషయంలో రాత్రి బస్సు, రాత్రి హైవే రెండిటికన్నా విమానమే నయమని తల్లిదండ్రులు అప్పు చేసైనా టికెట్టు కొంటారు. ఇది విలాసం కాదు, మన రోడ్ల మీద భద్రత లేనందుకు వాళ్ళు కడుతున్న పన్ను.

కర్బన ఉద్గారాల లెక్క మన దగ్గర ఇంకా నిర్ణయాల దాకా రాలేదు. ఫ్రాన్స్ 2023లో రైల్లో రెండున్నర గంటల్లో చేరగలిగే కొన్ని దేశీయ విమాన మార్గాలను నిషేధించింది. మన సందర్భంలో చెప్పగలిగింది ఇంతే: ఒక్కడు నడుపుకుంటూ వెళ్ళే పెద్ద ఎస్‌యూవీ నిండుగా ఉన్న విమానం కన్నా గొప్పదేమీ కాదు, నలుగురున్న చిన్న కారు నయం, రైలు అన్నిటికన్నా నయం.

ఎక్కువసేపు ఆగాల్సింది భయం దగ్గర. విమానం ఎక్కడానికి భయపడేవాళ్ళు మనలో తక్కువేమీ కాదు. తెలుగువాళ్ళ జ్ఞాపకంలో ఆకాశ ప్రమాదమంటే వచ్చే పేర్లు చూడండి. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు నుంచి కరీంనగర్‌కు ప్రచారానికి బయల్దేరిన నటి సౌందర్య. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి. రెండు హెలికాప్టర్లు, ఒక చిన్న సెస్నా విమానం. మూడింటిలో ఏదీ మనం టికెట్టు కొని ఎక్కే రకం కాదు. అయినా ఆ మూడు మరణాలూ మన గుండెల్లో ‘గాల్లో ప్రాణానికి భరోసా లేదు’ అన్న నమ్మకాన్ని నాటాయి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలి, అందులోని 242 మందిలో ఒక్కరు తప్ప అందరూ పోయినప్పుడు ఆ నమ్మకం మళ్ళీ చిగురించింది. ఆ దుఃఖం నిజమైనది, దాన్ని అంకెలతో కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు.

కానీ అంకెలు చెప్పకపోవడమూ తప్పే. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఆ ఏడు దేశంలో టికెట్టు కొని ఎక్కే ప్రయాణికుల విమానం ఒక్కటీ కూలలేదు. రోడ్డు మరణాల్లో నూటికి ముప్పై ఆరు జాతీయ రహదారుల మీదే. దేశంలోని రోడ్ల పొడవులో ఆ రహదారులు సుమారు రెండు శాతమే. అంటే విమానానికి ప్రత్యామ్నాయంగా మనం ఎంచుకునే రోడ్డే అన్నిటిలోకీ ప్రాణాంతకమైన రోడ్డు. అమెరికాలో మైకేల్ సివాక్, మైకేల్ ఫ్లనగన్ లెక్క ప్రకారం, ఒక సగటు విమాన ప్రయాణమంత దూరం కారులో వెళ్ళడం విమానంలో వెళ్ళడం కన్నా దాదాపు 65 రెట్లు ప్రమాదకరం. సెప్టెంబరు 11 తర్వాత విమానాలకు భయపడి కార్లెక్కిన అమెరికన్లలో ఏడాది కాలంలో అదనంగా సుమారు 1,500 మంది రోడ్ల మీద చనిపోయారని జర్మన్ మనస్తత్వవేత్త గెర్డ్ గిగెరెంజర్ అంచనా. ఆ మరణాలు ఒక్కొక్కటిగా, ఒక్కో ఊళ్ళో జరిగాయి కాబట్టి ఏ వార్తా వాటిని కలిపి చూపలేదు.

స్టీరింగు చేతిలో ఉంటే ప్రాణం చేతిలో ఉన్నట్టే అనిపిస్తుంది. 2018 ఆగస్టు 29న తెల్లవారుజామున నెల్లూరు జిల్లాలో ఒక పెళ్ళికని బయల్దేరి, తన కారు తానే నడుపుకుంటూ వెళ్తున్న నటుడు నందమూరి హరికృష్ణ నల్గొండ దగ్గర అన్నేపర్తి వద్ద ప్రమాదంలో మరణించారు. ఏ సాధనాన్నయినా ఎంచుకోగల స్తోమత ఉన్న మనిషి, డ్రైవింగంటే ఇష్టమున్న మనిషి. ఆ ఉదయం టీవీల ముందు కూర్చున్న ఇళ్ళలో ఎన్ని ఆ సాయంత్రమే రాత్రి ప్రయాణం మానుకున్నాయి?

రాత్రి ప్రయాణం సంగతే చెబుతున్నాను, ఎందుకంటే కారు ఎంచుకునేవాళ్ళు చాలామంది ఎంచుకునేది రాత్రి కారునే. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే ఒక రోజు సెలవు కలిసొస్తుంది, ట్రాఫిక్ ఉండదు, పిల్లలు నిద్రపోతారు. 1997లో ‘నేచర్’లో వచ్చిన డాసన్, రీడ్‌ల ప్రయోగం ప్రకారం, పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి స్పందనలు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్పందనలతో సమానం. మన చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. పొద్దున ఆరింటికి లేచి, పనిచేసి, రాత్రి తొమ్మిదికి ఇంటి ముందు కారు తీసిన మనిషి పదకొండు గంటలకల్లా, ఒక్క చుక్క తాగకుండానే, చట్టం ఒప్పుకోని స్థితిలో ఉంటాడు. అప్పటికి సూర్యాపేట దగ్గర ఉంటాడు. ముందింకా సగం దారి, వెనక సీట్లో నిద్రపోతున్న కుటుంబం.

2025 డిసెంబరులో విమానాలు ఆగిపోవడానికి అసలు కారణం కూడా నిద్రే. పైలట్లకు వారానికి 36 గంటల విశ్రాంతిని 48కి పెంచి, రాత్రి వేళ ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించిన కొత్త నిబంధనలకు తగ్గట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోకపోవడంతో ఇండిగో షెడ్యూలు కుప్పకూలింది. ఆ వారం టికెట్లు రద్దయి, అద్దె కార్లలో, సొంత కార్లలో బెంగళూరు రహదారి పట్టినవాళ్ళ డ్రైవర్లు ఎన్ని గంటలు నిద్రపోయారో ఎవరూ అడగలేదు. ఐదుగురు, అంతకుమించి పనివాళ్ళున్న రవాణా సంస్థల డ్రైవర్లకు 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అని రాసింది. సొంత కారు నడిపే తండ్రికి ఏ చట్టమూ లేదు. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగులో డబ్బుందో లేదో యంత్రం చూస్తుంది. అదే గేటు పక్కన, డ్రైవరు ఓ గంట కునుకు తీయడానికి వెలుతురూ కాపలా ఉన్న పార్కింగు, కుటుంబానికి శుభ్రమైన మరుగుదొడ్డి, ఓ బల్ల ఉండే విశ్రాంతి చోటు ప్రతి యాభై కిలోమీటర్లకూ కట్టడానికి టోలు సొమ్ములో కొంత చాలు. విజయవాడ రహదారిని ఆరు వరుసలకు విస్తరించే పనుల ప్రణాళికలో వాటికి స్థలం ఇప్పుడే కేటాయించుకోవాలి.